మామ వాళ్ల సజ్జ మీద దొరికిన బ్యాట్‌మొబైల్: రంగు వేయించాలా, అలాగే ఉంచాలా?

గడియారం_సెంటర్ (నల్లగొండ)

అందరికీ నమస్తే. మా పెద్ద మేనమామ కువైట్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చారు. ఇప్పుడు పాత ఇల్లు తీసేసి కొత్తది కడుతున్నారు. సజ్జ మీది సామాను దింపుతుంటే ఒక రేకు బిస్కెట్ డబ్బాలో మూడు బొమ్మ కార్లు బయటపడ్డాయి. అప్పట్లో పిల్లల కోసం తెచ్చారట, వాళ్లు ఆడుకుని పడేశాక అత్త డబ్బాలో వేసి పైన పెట్టేసింది. నాకు చిన్నప్పటి నుంచి ఈ బొమ్మలంటే ప్రాణం. హాట్ వీల్స్ కొన్ని దాచుకున్నాను కానీ ఇంత పాతవి చేతికి రావడం ఇదే మొదలు, అందుకే తెలిసినవాళ్లని అడుగుతున్నా.

మొదటిది నల్ల కారు, ఐదంగుళాల దాకా ఉంటుంది, మంచి బరువు. వెనక రెక్కల్లా లేచి ఉంది, రెండు బుడగల్లాంటి అద్దాలు, అంచుల వెంట ఎర్ర గీత. లోపల ఇద్దరు కూర్చోవాలి కానీ ఒక్కడే ఉన్నాడు. అది బ్యాట్‌మన్ కారని తెలుసు. రెండోది ఎర్ర కారు, పక్కల తెల్లటి పెద్ద పట్టీ, ముందు అద్దం పగిలింది. మూడోది చిన్నది, నారింజ రంగు, తలుపు మీద 01 అని ఉంది, పైన ఏదో జెండా సగం గీరుకుపోయింది.

నల్ల కారుకి మూలల దగ్గర రంగు లేచిపోయి లోపలి లోహం కనిపిస్తోంది. మా బస్తీలో డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు అతను డ్యూకో కొట్టి కొత్తదానిలా చేసి ఇస్తానన్నాడు, డబ్బు కూడా వద్దన్నాడు. ఇంకోవైపు పాత సామాన్లు కొనే ఒకాయన మూడూ కలిపి రెండు వేలు ఇస్తానని వెంటపడుతున్నాడు. ఇవి అసలువేనా, రంగు వేయిస్తే విలువ పెరుగుతుందా తగ్గుతుందా, ఇలాంటివి ఇంకా సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చెప్పండి అన్నలు, అక్కలు.

పాలమూరు_డింకీ (మహబూబ్‌నగర్)

తమ్మీ, ముందు ఆ షెడ్డు అతనికి దండం పెట్టి వద్దని చెప్పు. మిగతాదంతా తర్వాత మాట్లాడుకోవచ్చు.

నువ్వు చెప్పిన నల్ల కారు కార్గీ కంపెనీ 267 నంబర్ బ్యాట్‌మొబైల్‌లా ఉంది. 1966లో వచ్చింది. అమెరికాలో ఆడమ్ వెస్ట్ బ్యాట్‌మన్‌గా చేసిన టీవీ సీరియల్ మొదలైంది కూడా ఆ ఏడాదే. సీరియల్‌లో వాడిన అసలు కారుని జార్జ్ బారిస్ అనే ఆయన 1955 నాటి లింకన్ ఫ్యూచురా అనే నమూనా కారుని మార్చి తయారుచేశాడు. ఆ అసలు కారు 2013లో వేలంలో 46 లక్షల డాలర్లు పలికింది. మన దగ్గరున్న బొమ్మ దానికి నకలే అయినా పనితనం చూస్తే మతి పోతుంది. ముందు ముక్కులోంచి గొలుసులు తెంచే బ్లేడు బయటికి దూకుతుంది. సీట్ల వెనక మూడు గొట్టాలుంటాయి, పక్కనున్న చిన్న చక్రాన్ని వేలితో తిప్పితే అందులోంచి పసుపు రంగు ప్లాస్టిక్ రాకెట్లు ఎగురుతాయి. కారుని నేల మీద తోస్తుంటే వెనక గొట్టంలోంచి ఎర్ర మంట లోపలికీ బయటికీ ఆడుతుంది, ఎందుకంటే ఆ మంట ముక్క వెనక ఇరుసుతో కలిసి కదిలేలా పెట్టారు. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. పిల్లవాడి చేతి బలంతోనే ఇంత చేయించారు, అది 1966లో.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, కారు తిప్పి కింది పళ్లెం చూడు. కార్గీ టాయ్స్ అనీ, మేడ్ ఇన్ జీటీ బ్రిటన్ అనీ అచ్చులోనే పోసి ఉండాలి. మేడ్ ఇన్ చైనా అని ఉంటే అది చాలా తర్వాత ఆ కంపెనీ పేరుతోనే మళ్లీ తీసింది. నకిలీ అనను కానీ పాతది కాదు. రెండోది, వెనక బండి తగిలించే కొక్కెం ఉందా లేదా చూడు. మొదట వచ్చినవాటికి కొక్కెం లేదు, 1967లో బ్యాట్‌బోట్ అనే బ్యాట్‌మన్ పడవ బొమ్మ వచ్చాక దాన్ని లాగడానికి పెట్టారు. కొక్కెం లేకుండా అసలు చక్రాలతో ఉన్నదానికి గిరాకీ ఎక్కువ. మూడోది, చక్రాల మధ్యలో ఎర్ర గబ్బిలం బొమ్మ ఉందా, లేక 70లలో వచ్చిన సన్న ఇరుసు వేగం చక్రాలా అనేది.

ఎర్రది చెప్పగానే పోల్చాను, స్టార్‌స్కీ అండ్ హచ్ సీరియల్ కారు, ఫోర్డ్ గ్రాన్ టొరినో, కార్గీ 292, 1977ది. దానితోపాటు ముగ్గురు మనుషుల బొమ్మలు వచ్చేవి, ఇద్దరు పోలీసులు, ఒక దొంగ. అవి ఎప్పుడో పోయి ఉంటాయి, అయినా డబ్బా అడుగున ఇంకోసారి వెతుకు. పేకముక్క మందాన కాగితం కింద ఇరుక్కున్నవి దొరికిన సందర్భాలున్నాయి.

ఈ కార్గీ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. మెట్టాయ్ అనే కంపెనీ 1956లో వేల్స్‌లోని స్వాన్సీలో ఈ బొమ్మలు మొదలుపెట్టింది. అప్పటికి మార్కెట్ అంతా లివర్‌పూల్‌లోని మెకానో వాళ్ల డింకీదే. బొమ్మ కారుకి కిటికీ అద్దాలు పెట్టి కార్గీ వాళ్లు ఆ కోటలో అడుగుపెట్టారు. తర్వాత టీవీని పట్టుకున్నారు. ది సెయింట్ సీరియల్‌లోని తెల్ల వోల్వో 1965లో, మ్యాన్ ఫ్రమ్ అంకుల్‌లోని ఓల్డ్స్‌మొబైల్ 1966లో, గ్రీన్ హార్నెట్ వాళ్ల నల్ల కారు 1967లో, కోజాక్ బ్యూక్ 1976లో. డింకీ వాళ్లూ ఊరుకోలేదు, థండర్‌బర్డ్స్ బొమ్మలాటలోని లేడీ పెనెలోపీ గులాబీ రంగు రోల్స్ రాయిస్ తీశారు, ఆరు చక్రాలది, ముందు జాలీ వెనక నుంచి రాకెట్ వస్తుంది. నాకు వీటన్నిటిలో అదే ఎక్కువ ఇష్టం, నా పేరు చూస్తేనే తెలుస్తుంది. డింకీ ఫ్యాక్టరీ 1979లో, మెట్టాయ్ 1983లో మూతపడ్డాయి. అప్పటికి కువైట్, దుబాయ్ దుకాణాల్లోంచి మన మామలూ బాబాయిలూ కొన్ని సంచుల్లో వేసుకుని వచ్చేశారు, మన ఊళ్లలో ఇవి దొరకడానికి ఎక్కువగా అదే దారి.

మా జిల్లా పల్లెల్లో 1975లోనే టీవీ పెట్టారు, సైట్ అనే ఉపగ్రహ ప్రయోగంలో భాగంగా. వ్యవసాయం, ఆరోగ్యం, బడిపిల్లల కార్యక్రమాలు వచ్చేవి. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. అంటే ఈ సీరియళ్లు చూడకుండానే మన పిల్లలు ఈ కార్లతో ఆడారు. అది బ్యాట్‌మన్ కారని తెలియకుండానే మంట ఆడుతుంటే మురిసిపోయినవాళ్లు ఎంతమందో.

రెండు వేలకి మాత్రం ఇవ్వకు.

మిర్యాలగూడ_మెకానిక్

పాలమూరు అన్న చెప్పినదానితో ఒక్క విషయంలో తేడా ఉంది నాకు. రంగు అసలు వేయకూడదని కాదు, ఏ బొమ్మకి వేస్తున్నామన్నది చూడాలి. నేను పాత మాక్స్‌వెల్ బొమ్మలు బాగుచేస్తుంటాను. మ్యాచ్‌బాక్స్ అనే బ్రిటన్ బొమ్మ కార్ల కంపెనీ అచ్చులతో కలకత్తాలో చేసినవి, కింద మేడ్ ఇన్ ఇండియా అని ఉంటుంది. సగం రంగు పోయి, చక్రాలు ఊడి, పిల్లలు మేకుతో గీకేసినవి పది ఇరవై రూపాయలకి దొరుకుతాయి. వాటికి రంగు తీసి కొత్తది వేస్తే ఎవరికీ నష్టం లేదు, మనకి పని వస్తుంది, ఇంట్లో పిల్లలకి కారు వస్తుంది.

కానీ నీ బ్యాట్‌మొబైల్ ఆ కోవలోకి రాదు. మూలల్లో రంగు లేచిందంటే అది ఆడుకున్న గుర్తు, కొనేవాడికి అది సాక్ష్యం కూడా, ఫ్యాక్టరీ రంగు ఇదే అని చెప్పడానికి. ఫ్యాక్టరీలో వేసింది ఓవెన్‌లో కాల్చిన ఎనామెల్, చాలా పలచగా ఉంటుంది. షెడ్డులో కొట్టే డ్యూకో నిజం కార్ల కోసం. అది ఈ బొమ్మ మీద పడితే తలుపు గీతలు, ముక్కు మీది గీతలు అన్నీ పూడిపోతాయి. పైగా పద్ధతిగా రంగు వేయాలంటే కింది పళ్లాన్ని బిగించిన రివెట్లు డ్రిల్ చేసి విప్పాలి. ఒకసారి విప్పిన బొమ్మని చూడగానే పట్టేస్తారు. అసలు రివెట్ తల గుండ్రంగా, నున్నగా ఉంటుంది. విప్పినదానికి మధ్యలో రంధ్రమో, స్క్రూనో, జిగురు మరకో ఉంటుంది. నువ్వు ఎక్కడైనా కొనేటప్పుడు కూడా అన్నిటికంటే ముందు ఇదే చూడు, పైన మెరుపు చూడకు.

ఇంకో సంగతి. పైన రంగు ఉబ్బిందా, సన్నటి పగుళ్లు ఉన్నాయా? ఈ బొమ్మలు జింకు ఎక్కువగా, దాంతో అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కొంచెం కలిపిన లోహం. పోసేటప్పుడు అందులో సీసం లాంటివి కలిస్తే ఏళ్లు గడిచేకొద్దీ లోపలి నుంచే పుచ్చుతుంది, తేమ ఉంటే ఇంకా తొందరగా. ఎండిన చెరువులో నెర్రెలు విచ్చినట్టు పగిలి చివరికి చేతిలోనే ముక్కలవుతుంది. దానికి మందు లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు డింకీలకే ఇది ఎక్కువ, 60ల కార్గీలకి భయం తక్కువ. అయినా ఒకసారి వెలుతురులో పట్టి చూడు.

గడియారం_సెంటర్ (నల్లగొండ)

చాలా థాంక్స్ అన్నా ఇద్దరికీ. షెడ్డు అతనికి వద్దని చెప్పేశాను. తిప్పి చూశాను, కార్గీ టాయ్స్, జీటీ బ్రిటన్ రెండూ ఉన్నాయి, అచ్చులోనే పోసినవి. కొక్కెం ఉంది. చక్రాల్లో ఎర్ర గబ్బిలం ఉంది, ఒక్కదాంట్లో సగం అరిగింది. రివెట్లు నున్నగా ఉన్నాయి. పగుళ్లు లేవు. బ్లేడు వస్తోంది కానీ వెనక్కి వెళ్లడానికి వేలితో తోయాలి. రాకెట్లు ఒక్కటి కూడా లేవు. మంట ముక్క కొద్దిగా ఆడి ఆగిపోతోంది, వెనక ఇరుసుకి వెంట్రుకలూ దారాలూ చుట్టుకుని ఉన్నాయి. మా నీళ్లతో కడిగేయాలా? నారింజ కారు కింద ఎర్టల్ అని ఉంది, అదేంటి?

ఇంకొకటి, ఆ కొనే ఆయన ఇప్పుడు ఐదు వేలంటున్నాడు. టెన్షన్ పెడుతున్నాడు, రేపటిలోగా చెప్పాలట.

వనపర్తి_అక్క

రెండు వేలు ఒక్క రోజులో ఐదు వేలయిందంటే ఆయనకి అది ఏంటో తెలుసు తమ్ముడూ. తొందరేం లేదు. ధర చూడాలంటే ఆన్‌లైన్ వేలంలో అమ్మేవాళ్లు అడుగుతున్న రేటు చూడకు, అమ్ముడైపోయినవాటి రేటు చూడు, రెండిటికీ ఎక్కడా పొంతన ఉండదు. పెట్టె, రాకెట్లు, కాగితాలు అన్నీ ఉండి చెడనిది అయితే వందల పౌండ్లు పలుకుతుంది. నీది పెట్టె లేనిది, ఆడుకున్నది, ఒక మనిషి బొమ్మ లేదు, కాబట్టి అంత రాదు. అయినా ఆయన చెప్పిన మాటకి ఇచ్చేసేది మాత్రం కాదు. అన్నిటికంటే ముందు, అవి మీ మామ పిల్లలవి. నీకు బావలో బామ్మర్దులో అవుతారు కదా, అమ్మినా ఉంచుకున్నా వాళ్లతో ఒక మాట అను. రేపు ఎవరో ఫంక్షన్‌లో గుర్తుచేసుకుంటే మాట పడేది నువ్వే.

ఇక కడగడం. నల్లగొండ బోరు నీళ్లతో అస్సలు వద్దు, ఆరాక తెల్లటి పొర కడుతుంది, నల్ల రంగు మీద అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తాగడానికి తెచ్చుకునే ఫిల్టర్ నీళ్లు చిన్న గిన్నెలో తీసుకుని గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో మెల్లగా తుడువు. నీళ్లలో ముంచొద్దు. లోపల స్ప్రింగులున్నాయి, తుప్పు పడతాయి, స్టిక్కర్లు లేస్తాయి. థిన్నర్, పెట్రోలు, కిరోసిన్ దగ్గరికి కూడా రానివ్వొద్దు. ఇరుసుకి చుట్టుకున్న దారాలని సన్న పట్టకారుతో ఒక్కొక్కటే లాగు, తెగితే తెగనీ, కత్తి పెట్టి కోయొద్దు. అవి వచ్చేశాక సూది మొనతో ఒక్క బొట్టు కుట్టుమిషన్ నూనె ఇరుసు దగ్గర పెడితే మంట మళ్లీ ఆడుతుంది అనుకుంటున్నా. రాకెట్ చక్రం బిగుసుకుని ఉంటే బలవంతంగా తిప్పకు.

ఇవి దాచే చోటు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. మన ఇళ్లలో విలువైనదేదైనా బీరువాలో పెట్టి నాలుగు కలరా ఉండలు వేస్తాం. పాత ప్లాస్టిక్‌కి ఆ ఉండల ఆవిరి పడదు, కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి జిగటగా అయిపోతుంది. నీ కారు అద్దాలు, లోపలి మనిషి ప్లాస్టిక్కే. కాబట్టి చీరల బీరువాలో వద్దు. మళ్లీ సజ్జ మీదా వద్దు, రేకుల కిందా వద్దు, మన ఎండాకాలం వేడికి టైర్లలోని మెత్తదనం కోసం కలిపే నూనె బయటికొచ్చి కింద ఏ ప్లాస్టిక్ ఉంటే దానికి అతుక్కుంటుంది. చెక్క అల్మారా, కింద తెల్ల నూలు గుడ్డ, పక్కన చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లం, ఎండ తగలని గోడ. ఇంతే, ఖర్చేమీ లేదు.

పాలమూరు_డింకీ (మహబూబ్‌నగర్)

కలరా ఉండల సంగతి బాగా చెప్పారు అక్కా, నేనైతే మర్చిపోయేవాణ్ని.

తమ్మీ, ఎర్టల్ అనేది అమెరికాలో అయోవా రాష్ట్రంలోని కంపెనీ, ట్రాక్టర్ బొమ్మలకి బాగా పేరు. నీ నారింజ కారు డ్యూక్స్ ఆఫ్ హజార్డ్ అనే సీరియల్‌లోని జనరల్ లీ, 1969 డాడ్జ్ చార్జర్. ఆ సీరియల్ 1979 నుంచి 1985 దాకా వచ్చింది. పైన ఉన్నది అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల జెండా. బానిసత్వం కోసం పోరాడినవాళ్ల జెండా కాబట్టి అక్కడ దాని మీద పెద్ద గొడవ నడిచింది, 2015లో ఆ సీరియల్ హక్కులున్న వార్నర్ బ్రదర్స్ ఆ జెండాతో బొమ్మ కార్లకి అనుమతి ఇవ్వడం ఆపేసింది. నువ్వు దాచినా, ఎవరికైనా చూపించినా ఆ సంగతి తెలిసి ఉండటం మంచిది. ఈ చిన్న సైజువి చాలా ఎక్కువ తయారయ్యాయి కాబట్టి ధర కోసం ఆశపడకు, ఇష్టంగా ఉంచుకో.

నీ బ్యాట్‌మొబైల్‌లో లేని మనిషి, రాకెట్లు ఇప్పుడు కొత్తగా చేసి అమ్మేవాళ్లున్నారు. పెట్టుకోవచ్చు, తప్పు లేదు, కానీ అవి కొత్తవని ఒక చీటీ రాసి కారుతోపాటే ఉంచు. రేపు నువ్వు అమ్మినా, నీ పిల్లలు అమ్మినా కొన్నవాడు మోసపోకూడదు. పెట్టెలకి కూడా అంతే, ఇప్పుడు కొత్తగా అచ్చు వేసిన పెట్టెలు మస్తుగా తిరుగుతున్నాయి. దుకాణాల్లో నోట్లు చూసే నీలం లైటు కింద పెడితే ఇప్పటి కాగితం చాలాసార్లు తెల్లగా మెరుస్తుంది. ఆ ఒక్క పరీక్షే నమ్మొద్దు, మడతల దగ్గర అరుగుదల, అచ్చు అక్షరాల అంచులు కూడా చూడాలి.

ఇంకా సేకరించాలంటావా. బ్రిటన్ నుంచి తెప్పించుకుందామని మొదట్లోనే ఆశపడకు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు, దాని మీద పన్ను, కొరియర్ ఖర్చు వేరే. ఒక్కోసారి బొమ్మ కంటే అవే ఎక్కువవుతాయి, ఇప్పుడు ఎంతుందో ముందే కనుక్కో. ముందు మన చుట్టూ చూడు. హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ అంగడి, పొద్దున్నే వెళ్లాలి. పాతబట్టలు, స్పానర్లు, పాడైన రేడియోల మధ్య తట్టలో చేయి పెట్టి వెతుక్కోవాలి, అడిగితే ధర పెంచేస్తారు కాబట్టి మొహం మామూలుగా పెట్టుకో. దాని కంటే మంచి చోటు ఒకటి చెప్తా, మీ చుట్టాల్లో, మీ వీధిలో 70, 80లలో గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్ల ఇళ్లు. ఇల్లు మారేటప్పుడు, కూలగొట్టేటప్పుడు ఈ డబ్బాలు నేరుగా తుక్కువాడికి పోతున్నాయి, జింకు కాబట్టి తూకానికి కొనేస్తాడు. నల్లగొండలోనే ప్రకాశం బజార్ వైపు పాత ఇళ్లు తీసేస్తున్న వాళ్లని పలకరించు. అడగడంలో పోయేదేముంది.

ఒక సలహా మాత్రం గట్టిగా చెప్తాను. అన్నీ కొనాలని చూడకు. ఒక దారి పట్టుకో, 60ల టీవీ కార్లో, కార్గీ ఒక్కటో, లేదా మన మాక్స్‌వెల్, కలకత్తాలో పాత డింకీ అచ్చులతో చేసిన నిక్కీ బొమ్మలో. ఈ మన దేశపు బొమ్మల మీద సరిగ్గా రాసినవాళ్లు తక్కువ. నువ్వు దొరికినదానికల్లా ఫోటో తీసి, ఎవరింట్లో, ఏ ఊళ్లో దొరికింది, ఎవరు ఎక్కడి నుంచి తెచ్చారు అనేది పుస్తకంలో రాసుకుంటే ధర కంటే ఎక్కువ పనికొస్తుంది. మీ మామతోనే మొదలుపెట్టు, కువైట్‌లో ఏ దుకాణంలో కొన్నారో, అప్పుడు ఎంత ఇచ్చారో ఆయనకి గుర్తుంటే రాయి.

మిర్యాలగూడ_మెకానిక్

బ్లేడు వెనక్కి వెళ్లకపోవడం గురించి. చాలాసార్లు స్ప్రింగ్ పోయి ఉండదు, సందులో గట్టిపడిన మురికే. పొడి బ్రష్‌తో సందు శుభ్రం చేసి, మిషన్ నూనె కూడా పెట్టకుండా ముందు నాలుగైదుసార్లు వేలితో మెల్లగా లోపలికీ బయటికీ ఆడించు. అప్పటికీ రాకపోతే వదిలెయ్, రివెట్ మాత్రం ముట్టుకోవద్దు. పగిలిన టొరినో అద్దానికి కూడా ఫెవిక్విక్ వాడకు, దాని ఆవిరికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తెల్లబారుతుంది, తర్వాత ఆ మరక పోదు. కింద, పక్కల ఫోటోలు పగటి వెలుతురులో తీసి ఇక్కడ పెట్టు, మనిషి బొమ్మ బ్యాట్‌మనా, అతని జోడీ రాబినా చూస్తే లేనిది ఏదో చెప్పగలం.